ఆఖరి ఇంజెక్షన్ తర్వాతి మాట కూడా మీరే చెప్పాలి

పెంపుడు జంతువుల డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకు నమస్కారం.

మా ఇళ్లలో పెరిగే కుక్కలకీ పిల్లులకీ చిన్నాచితకా ప్రాణులకీ వైద్యం చేసే మీ అందరికీ ఈ ఉత్తరం. అడగదలచుకున్నది ఒక్కటే. మా జంతువు ఇక బతకదని మీకు అర్థమైన రోజునే, అది పోయాక ఏం చేయాలనుకుంటున్నారని మమ్మల్ని అడగండి. ఇంటి దగ్గరే పాతిపెట్టుకుంటామంటే ఎలా పాతిపెట్టాలో చెప్పండి. పాతిపెట్టకూడని పరిస్థితి అయితే కూడదని, ఎందుకు కూడదో కూడా, మొహమాటపడకుండా చెప్పండి.

బతికున్నంత కాలం మీరు చెప్పని జాగ్రత్త ఉండదు. మాత్ర తిండికి ముందా తర్వాతా, కుట్లు ఎన్నాళ్లు తడవకూడదు, మందు కక్కేస్తే మళ్లీ వేయాలా వద్దా, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ చెప్తారు. చీటీ మీద రాసిస్తారు. అర్థం కాలేదంటే విసుక్కోకుండా మళ్లీ చెప్తారు. బాధ లేకుండా ప్రాణం పోవడానికి ఇచ్చే ఆ ఆఖరి ఇంజెక్షన్ అయ్యాక మాత్రం చీటీ ఉండదు, మాట ఉండదు.

మా చిట్టికి కిడ్నీలు పూర్తిగా పాడైపోయినప్పుడు చూసిన డాక్టరు గారి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. తొందరపెట్టలేదు. చివరిదాకా దాని తల నా ఒళ్లోనే ఉండనిచ్చారు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "అయిపోయిందండీ" అని మెల్లగా చెప్పారు. "ఇంటికి తీసుకెళ్లి పెరట్లో పాతిపెట్టుకుంటాం" అన్నాను. "అలాగేనండీ" అన్నారు. దుప్పట్లో చుట్టి నా చేతికిచ్చారు. అంతే. దాని ఒంట్లోకి వెళ్లిన మందు ఏమిటో, గొయ్యి ఎంత లోతు ఉండాలో, ఆ దుప్పటితో పాటే పెట్టేయొచ్చో లేదో నాకు తెలియాల్సింది ఆ సాయంత్రం. తెలిసింది చాలా తర్వాత, నా అంతట నేను కూర్చుని చదువుకుంటే. ఆయన చెడ్డవాడై చెప్పకపోవడం కాదు. ఆ మాట చెప్పాలన్న అలవాటు ఆ క్లినిక్‌లో లేదు. పెంపుడు జంతువులున్న వాళ్లని చాలామందిని అడిగాను, దాదాపు అందరిదీ ఇదే కథ.

ముందు ఆ మందు సంగతి. కారుణ్య మరణానికి ప్రపంచంలో ఎక్కువచోట్ల వాడేది పెంటోబార్బిటాల్. మత్తు మందే, కానీ మోతాదు చాలా ఎక్కువ. నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. గుండె ఆగాక రక్తం తిరగదు కాబట్టి లివర్‌కి ఆ మందుని అరగదీసే అవకాశమే ఉండదు. ఎక్కించింది ఎక్కించినట్టే కండల్లో, అవయవాల్లో ఉండిపోతుంది. ఒళ్లు కుళ్లినంత మాత్రాన అది పోదు. ఈ మందుతో చనిపోయిన గుర్రాల కళేబరాలను కంపోస్టు చేసి చూసిన పరిశోధనల్లో నెలల తరబడి, కొన్నిట్లో ఏడాది వరకు కూడా దాని ఆనవాళ్లు దొరికాయి. అలాంటి ఒంటిని ఏ నక్కో, పక్కింటి కుక్కో, గద్దో తవ్వి తింటే ఆ మందు దానికీ పనిచేస్తుంది. కెనడాలో ఇలా ఒక్క ఆవు కళేబరం తిని 29 బాల్డ్ ఈగిల్స్ (తెల్ల తల గద్దలు) విషప్రభావానికి గురైన సంఘటన మీ వైద్య సాహిత్యంలోనే ఉంది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2003లో ఈ మందుల లేబుల్ మీద పర్యావరణ హెచ్చరిక ఉండాల్సిందేనని చెప్పింది. కళేబరాన్ని లోతుగా పాతిపెట్టాలి, లేదా కాల్చేయాలి, ఇతర జంతువులకి అందనివ్వకూడదు అని దాని సారాంశం.

ఆ హెచ్చరిక సీసా మీద ఉంది. సీసా మీ దగ్గర ఉంది. గొయ్యి తవ్వేది మేము.

ఇంట్లో ఇంకో కుక్క ఉన్నవాళ్లని తలుచుకోండి. తోడుగా పెరిగిన కుక్క ఎక్కడుందో వాసన పట్టి, కాళ్లతో మట్టి తవ్వే కుక్కలు ఉంటాయి. ఆ ఇంటివాళ్లు ఒక బాధలో ఉండగానే రెండో ప్రమాదం ఇంటి పెరట్లోనే పొంచి ఉంటుంది. "గొయ్యి లోతుగా తవ్వండి, ఆ మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది, కొన్నాళ్లు రెండోదాన్ని అటు ఒంటరిగా వదలకండి" అని చెప్పడానికి అర నిమిషం చాలు.

లోతు అన్నాను కదా, అక్కడ కూడా మాకు తెలిసేది సగమే. బ్రిటన్‌లో జంతు సంక్షేమ సంస్థలు బంకమట్టి నేలలో కనీసం 2 అడుగులు, గుల్ల నేలలో 3 అడుగులు అంటాయి. జర్మనీలో ఒంటి పైన కనీసం 50 సెంటీమీటర్ల మట్టి ఉండాలంటారు. ఈ "ఒంటి పైన" అన్న మాట ముఖ్యం. మామూలుగా మనం గొయ్యి అడుగు దాకా కొలిచి సరిపోయింది అనుకుంటాం. పెద్ద కుక్కని పక్కకి పడుకోబెడితేనే అడుగు ఎత్తు దాకా వస్తుంది. 3 అడుగుల గోతిలో పెడితే పైన మిగిలే మట్టి 2 అడుగులే. వానలు పడి ఆ మట్టి దిగిపోతే ఇంకా తక్కువ. అందుకే నింపేటప్పుడు నేల కంటే కొంచెం ఎత్తుగా పోయాలి, పైన బరువైన బండలు పేర్చాలి. తవ్వడం మొదలుపెట్టాక ఇది తెలిసినా లాభం లేదు. మోకాలి లోతు దాటాక నేల గట్టిపడుతుంది, గడ్డపార దిగదు, చేతులు బొబ్బలెక్కుతాయి, చీకటి పడుతుంటుంది, ఇంక చాల్లే అనిపిస్తుంది. ఎంత లోతు కావాలో ముందే తెలిస్తే మనిషి సాయానికి ఇంకొకరిని పిలుచుకుంటాడు, పగటి పూటే మొదలుపెడతాడు.

లోతు మంచిదే కదా అని అదే పనిగా తవ్వుకుంటూ పోవడం కూడా సరికాదు. కింద భూగర్భ జలం దగ్గరైపోతుంది, పైగా గాలి తగలని లోతులో ఒళ్లు మట్టిలో కలవడం బాగా ఆలస్యమవుతుంది. 19వ శతాబ్దంలో యోహాన్ లుడ్విగ్ కాస్పర్ అనే జర్మన్ ఫోరెన్సిక్ వైద్యుడు ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు. బయట గాలిలో ఒక వారంలో జరిగే మార్పు నీళ్లలో రెండు వారాలకి, మట్టిలో ఎనిమిది వారాలకి జరుగుతుందని. మట్టిలో అసలే నెమ్మది. దానికి మేం ప్లాస్టిక్ కవరు కూడా చుడితే ఇంకా నెమ్మది. మీ క్లినిక్కుల నుంచి జంతువుల్ని మాకు ఇచ్చేది చాలాసార్లు ప్లాస్టిక్ సంచిలోనే. కారు తడవకుండా ఇంటిదాకా అది అవసరమే, కాదనను. "గోతిలో పెట్టేముందు దీన్ని తీసేయండి, నూలు గుడ్డలో గానీ అట్టపెట్టెలో గానీ పెట్టండి" అన్న ఒక్క ముక్క ఆ సంచితో పాటు ఇవ్వండి. సింథటిక్ దుప్పటి, నైలాన్ పట్టీ, ప్లాస్టిక్ బొమ్మ కూడా అంతే, మట్టిలో కలవవు. బొమ్మ పెట్టాలనిపిస్తే పెట్టనివ్వండి, దాని వల్ల పెద్ద నష్టం లేదు. చుట్టేది మాత్రం నూలు గుడ్డ అయితే మంచిది.

సున్నం గురించి కూడా చెప్పండి. సున్నం చల్లితే తొందరగా కరిగిపోతుందని ఎవరో ఒకరు పక్కన నిలబడి తప్పకుండా చెప్తారు. పంది కళేబరాల్ని సున్నంతోనూ, సున్నం లేకుండానూ పాతిపెట్టి నెలల తర్వాత తవ్వి చూసిన పరిశోధకులకి తేలింది దీనికి పూర్తిగా ఉల్టా. సున్నం వేసినవే తక్కువ కుళ్లాయి. సున్నం వాసనని కొంత ఆపుతుంది, కుళ్లడాన్నీ ఆపుతుంది.

ఇవన్నీ గొయ్యి దగ్గరి మాటలు. అంతకంటే ముందు, ప్రాణం పోయిన మొదటి కొన్ని గంటల గురించి మాకు ఎవరూ చెప్పరు. నా దృష్టిలో మీరు తప్పకుండా చెప్పాల్సింది అదే. కళ్లు మూసుకోవని చెప్పండి. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు కదలొచ్చని, కండరాలు అదరొచ్చని చెప్పండి. అది తెలియక, ఇంకా బతికే ఉందేమో అన్న అనుమానంతో ఆ రాత్రంతా కుమిలిపోయినవాళ్లు ఉన్నారు. మూత్రం, మలం జారతాయని చెప్పండి, కింద పాత తువ్వాలు వేసుకుంటాం. కొన్ని గంటల్లోనే ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుందనీ, ఎలా ఉన్నది అలాగే బిగుస్తుందనీ చెప్పండి. వేడిని బట్టి ఒకటి రెండు రోజులకి గానీ ఆ బిగువు వదలదు.

దీనివల్ల ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకే తెలుసు. కాళ్లు చాపి పడుకున్న కుక్క అలాగే బిగుసుకుపోతే నిద్రలో ముడుచుకుని పడుకునే దానికి కావాల్సిన చోటుకి దాదాపు రెట్టింపు చోటు కావాలి. అట్టపెట్టెలో పట్టదు. తవ్విన గోతిలో పట్టదు. అప్పుడు ఇంట్లోవాళ్లు నిలబడి చూస్తుండగా ఎవరో ఒకరు మళ్లీ పార పట్టుకుని గోతిని వెడల్పు చేయాలి, లేదా ఆ కాళ్లని బలవంతంగా వంచాలి. ఏ మనిషికీ ఆ పని పడకూడదు. మీరు బల్ల మీదే, ఒళ్లు మెత్తగా ఉండగానే, కాళ్లు పొట్ట దగ్గరికి మడిచి, తలని ముందు కాళ్ల మీదకి వంచి, తోకని చుట్టూ తిప్పి పెడితే చాలు. మీ చేతులకి అది అలవాటైన పని. మా చేతులు ఆ సమయానికి వణుకుతుంటాయి. పాతిపెట్టడం మర్నాటికి వాయిదా పడేలా ఉంటే ఒంటిని చల్లటి చోట, నేల మీద ఉంచమనీ, బొచ్చు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి పొట్ట కింద ఐస్ ప్యాక్‌లు పెట్టమనీ చెప్పండి.

పాతిపెట్టకూడని సందర్భాలు ఉన్నాయి, అక్కడ మీరు గట్టిగా ఉండాలి. రేబిస్ అనుమానం ఉంటే ముందు సంబంధిత అధికారులకి తెలియాలి, మెదడు పరీక్ష జరగాలి. మేం ఏడ్చి బతిమాలినా ఒంటిని మా చేతికి ఇవ్వొద్దు. లెప్టోస్పైరోసిస్ లాంటి బ్యాక్టీరియా జబ్బులు మూత్రం ద్వారా మనుషులకి అంటుకుంటాయి, అందుకే గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని చెప్పాలి. పార్వో అనే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బుతో పోయిన కుక్కపిల్ల అయితే ఆ వైరస్ పరిసరాల్లో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని కొత్త పిల్లని ఆ ఇంటికి ఎప్పుడు తెచ్చుకోవచ్చో మీరే చెప్పగలరు. క్యాన్సర్‌కి కీమో మందులు వాడినవి, థైరాయిడ్‌కి రేడియోధార్మిక అయోడిన్ తీసుకున్న పిల్లులు, ఇవన్నీ మీ రికార్డుల్లో ఉండే సంగతులు. మాకు గుర్తుండవు, గుర్తున్నా వాటికీ మట్టికీ సంబంధం ఉందని తట్టదు.

నేల విషయం కొంతవరకు మేమే చూసుకోవాలి. బావికీ చెరువుకీ కాలవకీ దూరంగా, వాన నీళ్లు నిలవని మెరక మీద, కింద పైపులూ కరెంటు తీగలూ లేనిచోట. అద్దె ఇల్లయితే ఓనరుని అడగాలి. సొంత స్థలంలో పాతిపెట్టడానికి ఒకచోట చట్టం ఒప్పుకుంటుంది, ఇంకోచోట ఒప్పుకోదు. మీరు పనిచేసే చోట రూలు ఏమిటో మీకు తెలిసి ఉంటుంది, అది కూడా ఒక ముక్క చెప్తే సరిపోతుంది. మట్టే లేని ఇళ్లలో ఉండేవాళ్లకి దహనం గురించి చెప్పేటప్పుడు, విడిగా చేస్తేనే బూడిద తిరిగిస్తారనీ, అన్నిట్నీ కలిపి చేస్తే ఇవ్వరనీ డబ్బు కట్టకముందే చెప్పండి. చిన్న పిట్టకో ఎలుకపిల్లంత ప్రాణికో పెద్ద పూలకుండీ కూడా సరిపోతుంది. అన్నట్టు, ఎలుకలాంటి చిన్న పెంపుడు ప్రాణి హ్యామ్‌స్టర్‌ని పెంచేవాళ్లకి ఇంకో మాట చెప్పాలి. బాగా చలి పడితే అది ఒళ్లు చల్లబడి, ఊపిరి ఆడుతోందో లేదో తెలియనంత గాఢ సుప్తావస్థలోకి వెళ్లగలదు. పాతిపెట్టే ముందు దాన్ని వెచ్చగా ఉంచి, మీకు చూపించి తీరాలని హ్యామ్‌స్టర్ తెచ్చుకున్న మొదటిరోజే చెప్పండి.

ఇంత తాపత్రయం ఎందుకు, దహనం చేయించేస్తే పోలేదా అని మీలో కొందరికి అనిపించొచ్చు. దహనం మంచి పద్ధతే. కానీ తను తిరిగిన నేలలోనే దాన్ని ఉంచుకోవాలన్న కోరిక ఇవాళ పుట్టింది కాదు. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో ఒక పాత సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ల కిందటిది. అందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల. 2018లో ఆ పిల్ల పళ్లని పరీక్షించిన పరిశోధకులు అది డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుతో బాధపడిందనీ, మనుషులు దగ్గరుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికేది కాదనీ తేల్చారు. అప్పటికి ఇంకా వ్యవసాయం కూడా మొదలవలేదు. జబ్బుతో ఉన్న ఆరేడు నెలల పిల్ల వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు. అయినా దానికి నీళ్లు పట్టి, ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచినవాళ్లు ఎవరో ఉన్నారు. డిస్టెంపర్ వచ్చిన పిల్లని చూసుకోవడం అంటే ఏమిటో మీ కంటే ఎవరికి తెలుసు? సైప్రస్‌లో 9,500 ఏళ్ల కిందట ఒక మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టారు. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే రేవులో రెండువేల ఏళ్ల నాటి శ్మశానంలో 585 జంతువుల అవశేషాలు బయటపడ్డాయి, ఎక్కువ పిల్లులే, కొన్నిటి మెడలో పట్టీలతో సహా.

ఇంత పాత దుఃఖానికి ఇప్పటికీ బయట చోటు లేదు. కెనెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో తెచ్చిన పుస్తకంలో, సమాజం గుర్తించని దుఃఖం మనిషిని ఎలా లోపల్లోపల తినేస్తుందో రాశారు. పెంపుడు జంతువు పోయిన బాధని ఇప్పుడు ఆ కోవలోనే చెప్తున్నారు. ఆఫీసులో సెలవు దొరకదు. పలకరించేవాళ్లు కూడా ఇంకోటి తెచ్చుకోండి అంటారు. ఇక ఆ మనిషికి చేతనైనది, చేయడానికి మిగిలింది ఆ గొయ్యి ఒక్కటే. అది సరిగ్గా చేశానన్న తృప్తి ఉంటే చాలా భారం దిగుతుంది. వారం తిరక్కముందే మట్టి తవ్వేసి కనిపిస్తే ఆ మనిషి ఏమవుతాడో ఊహించండి.

ఏడుస్తున్న మనిషితో గోతి లోతు గురించి ఎలా మాట్లాడతాం అని మీరు అడగొచ్చు. నిజమే, ఆ క్షణంలో మాట్లాడలేరు, మాట్లాడినా మా చెవికెక్కదు. ముందే మాట్లాడమని నేను అడిగేది అందుకే. నయం కాదని చెప్పిన రోజుకీ ఆఖరి రోజుకీ మధ్య చాలా జబ్బుల్లో వారాలో నెలలో ఉంటాయి. మీకు టైమ్ ఉండదని తెలుసు. బయట ఇంకా పది మంది వెయిట్ చేస్తుంటారు. రోజూ ఎవరో ఒకరి జంతువుకి ఆ ఇంజెక్షన్ మీరే ఇవ్వాలి, ఆ బరువు మీ మీద కూడా పడుతుంది. అందుకే మీరే స్వయంగా చెప్పాలని కాదు. ముందు టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయో అబ్బాయో చెప్పినా చాలు, కాగితం చదివి వినిపించినా చాలు.

ఆ కాగితం మాత్రం అందరికీ ఒకే రకంగా అచ్చువేసింది కాకుండా, మా జంతువు వివరాలు మీ చేతిరాతతో నింపినదై ఉండాలి. ఏ మందు ఇచ్చారో దాని పేరు. ఏ జబ్బుతో పోయింది, అది అంటుకునేదా కాదా. బరువు ఎంత, దాన్నిబట్టి గొయ్యి పొడవు వెడల్పు లోతు ఎంత ఉండాలి. పాతిపెట్టొచ్చా, కూడదా. చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉంటే దాని రిజిస్ట్రీలో ఎవరు మార్పించాలి, మీరా మేమా. కింద ఒక ఫోన్ నంబరు, తవ్వుతూ తవ్వుతూ అనుమానం వస్తే అడగడానికి. కొన్ని క్లినిక్కుల్లో ఇలాంటి కాగితం ఇప్పటికే ఉంటుంది. ఉంటే దాన్ని ఆఖరి రోజు దాకా దాచకుండా, ఇక మందులతో లాభం లేదని చెప్పే రోజునే రిపోర్టులతో పాటు మా చేతికివ్వండి.

ఇట్లు,
చిట్టిని పెంచుకున్న ఇంటి మనిషి